చీకటి పడగానే లైట్లు వేసే పెట్టె: ఎల్‌డీఆర్, ఆర్డుయినో నానోతో ఒక ఇంటి కేస్ స్టడీ

హైదరాబాద్ శివారులో తూర్పు ముఖం ఇల్లు, జీ ప్లస్ వన్. గేటు స్తంభాల మీద 7 వాట్ల ఎల్‌ఈడీలు రెండు, పోర్టికోలో 12 వాట్లది ఒకటి, కాంపౌండ్ గోడ పొడవునా 9 వాట్లవి నాలుగు, మెట్ల దగ్గర ఇంకో 9 వాట్లది. మొత్తం 71 వాట్లు. హాల్లో ప్లగ్గుకి పెట్టే దోమల మందు మిషన్ ఒకటి. ఇంటివాళ్లు అడిగినవి మూడే. పొద్దుగూకితే బయటి లైట్లు వాటంతటవే వెలిగి తెల్లారితే ఆరిపోవాలి. దోమల మిషన్ సరిగ్గా సందెవేళ మొదలై మూడు గంటలు నడిచి ఆగాలి. ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా ఇదంతా జరగాలి.

దీనికి టైమర్ స్విచ్ చాలదా అని అడుగుతారు. హైదరాబాద్‌లో నవంబరు చివర్లో సూర్యాస్తమయం 5:40 ప్రాంతంలో, జులై మొదట్లో 6:54 ప్రాంతంలో. గంటంపావు తేడా. టైమర్‌ని ఏడాదిలో నాలుగైదుసార్లు తిప్పుకుంటూ ఉండాలి. తక్కువ రకం టైమర్లలో బ్యాటరీ పోయి, కరెంటు వచ్చిన ప్రతిసారీ గడియారం మొదటికొస్తుంది. పైగా ముసురు పట్టిన శ్రావణ మాసపు సాయంత్రం నాలుగున్నరకే చీకటి కమ్ముకుంటే దానికి తెలియదు.

కరెంటు బిల్లు తగ్గుతుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వొద్దు. 71 వాట్ల లైట్లు రోజుకి గంటన్నర అదనంగా వెలిగినా నెలకి 3.2 యూనిట్లు దాటవు. ఈ పెట్టె అడాప్టర్ 24 గంటలూ వాట్ చొప్పున తిన్నా నెలకి ముప్పావు యూనిట్ లాగేస్తుంది, రెండు రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) కాయిళ్లు రాత్రంతా పట్టి ఉంచినందుకు ఇంకో పావు. మిగిలేది రెండు యూనిట్లు. లాభం ఎక్కడుందంటే తాళం వేసిన ఇంట్లో లైటు వెలగడంలో, పట్టపగలు పదింటికి గేటు లైటు వెలుగుతూ కనబడకపోవడంలో.

సామాను

ఆర్డుయినో నానో (ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు) ఒకటి, జీఎల్5528 రకం ఎల్‌డీఆర్ (వెలుగుని బట్టి నిరోధం మారే సెన్సర్) ఒకటి, 10 కిలో ఓంల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్, 5 వోల్టుల నాలుగు రిలేల మాడ్యూల్ (కాంటాక్టులు 10 ఆంపియర్లవి), 5 వోల్టులు 1 ఆంపియర్ మంచి అడాప్టర్. 230 వోల్టుల వైపు 6 ఆంపియర్ల ఎంసీబీలు రెండు, 10డి-9 ఎన్‌టీసీలు (స్విచ్ వేసిన క్షణం వచ్చే కరెంటు పోటుని ఆపేవి) రెండు, 300 వోల్టుల ఏసీ రేటింగ్ ఉన్న ఎంఓవీ (వోల్టేజీ పోటుని మింగేది) ఒకటి, అడాప్టర్ ముందు అర ఆంపియర్ ఫ్యూజు, 1 చదరపు మిల్లీమీటర్ రాగి వైరు, రబ్బరు అంచున్న పీవీసీ జంక్షన్ బాక్సు. సెన్సర్‌కి లాన్ కేబుల్ ముక్క 4 మీటర్లు. కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్క గంటలో దొరుకుతాయి. ఎల్‌డీఆర్ మాత్రం రెండు మూడు ఎక్కువ కొనండి. పది రూపాయల వస్తువు, రెండేళ్ల తర్వాత అదే బ్యాచ్‌ది కావాలంటే దొరకదు.

వైఫై ఉన్న ఈఎస్‌పీ బోర్డు ఎందుకు వద్దనుకున్నారంటే, ఇక్కడ ఫోన్‌తో పని లేదు. రౌటర్ పోయినా, పాస్‌వర్డ్ మారినా లైటు వెలగాలి. పైగా ఈఎస్‌పీ32లో ఎనలాగ్ కొలత రెండు చివర్ల దగ్గర వంకరగా పోతుంది, వైఫై నడుస్తుంటే ఏడీసీ2 (వోల్టేజీని అంకెగా మార్చే రెండో భాగం) పిన్నులు పనికిరావు. లక్స్ (వెలుగు కొలత) నేరుగా చెప్పే బీహెచ్1750 సెన్సర్ కూడా మంచిదే గానీ, అది మాట్లాడే ఐ2సీ అనే పద్ధతి ఒకే బోర్డు మీద దగ్గరదగ్గరగా ఉన్న చిప్‌ల కోసం పుట్టింది. 4 మీటర్ల వైరు మీద, పక్కన 230 వోల్టులు పోతుంటే దానితో వేగలేం.

10 కిలో ఓంలే ఎందుకు

ఎల్‌డీఆర్‌ని 5 వోల్టులకీ నానో ఏ0 పిన్నుకీ మధ్య, రెసిస్టర్‌ని ఏ0కీ గ్రౌండ్‌కీ మధ్య కలిపారు. వెలుగు పెరిగితే ఎల్‌డీఆర్ నిరోధం తగ్గి రీడింగ్ పెరుగుతుంది. నానో దీన్ని 0 నుంచి 1023 వరకు అంకెగా చూపిస్తుంది.

జీఎల్5528 నిరోధం 10 లక్స్ దగ్గర 10 నుంచి 20 కిలో ఓంల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కంపెనీ ఇచ్చే హద్దే అంత వెడల్పు. మధ్యలో 14 అనుకుంటే, వెలుగు పదింతలు పెరిగినప్పుడల్లా నిరోధం దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. ఆ లెక్కన 1 లక్స్ దగ్గర రీడింగ్ 155, 10 దగ్గర 427, 20 దగ్గర 530, 40 దగ్గర 635, 100 దగ్గర 758. సూర్యాస్తమయ వేళ తెరిపి ఆకాశం కింద సుమారు 400 లక్స్ ఉంటుంది, మన అక్షాంశంలో ఇంకో ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలకి మూడు నాలుగు లక్స్‌కి దిగిపోతుంది. లైటు వేయాల్సిన ఘడియ ఈ మధ్యలోనే ఉంది, అక్కడే రీడింగ్ బాగా కదలాలి. లైటు వేయాల్సిన వెలుగులో ఎల్‌డీఆర్ నిరోధం ఎంతో, రెసిస్టర్ కూడా దాదాపు అంతే ఉంటే కదలిక గరిష్ఠం. అందుకే 10 కిలో ఓంలు. చాలా సర్క్యూట్లలో కనబడే 1 కిలో ఓం పెడితే సందెవేళ రీడింగులన్నీ వంద లోపు ఇరుక్కుపోతాయి. 100 కిలో ఓంలు పెడితే పగలంతా 1000 పైన అంటుకుపోవడమే కాదు, ఏ0 పిన్నుకి వచ్చే సిగ్నల్ కూడా బలహీనమవుతుంది. నానో మీది మైక్రోకంట్రోలర్ ఏడీసీ, సిగ్నల్ ఇచ్చే మూలం నిరోధం 10 కిలో ఓంలకి మించకూడదని కోరుకుంటుంది.

ఎల్‌డీఆర్‌కి 5 వోల్టులు నానో 5 వోల్టుల పిన్ను నుంచే తీయాలి. ఏడీసీ కొలబద్ద కూడా ఆ 5 వోల్టులే కాబట్టి అడాప్టర్ 4.8కి పడ్డా నిష్పత్తి మారదు, రీడింగ్ కదలదు. రిలేల దగ్గరి వైరు నుంచి తీసుకుంటే రిలే పట్టినప్పుడల్లా అంకె ఊగుతుంది.

సెన్సర్ ఎక్కడ

ఈ పని నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. ప్రోగ్రాం ఎలా ఉన్నా సర్దుకోవచ్చు, సెన్సర్ తప్పు చోట ఉంటే సర్దుకునే దారి లేదు.

గేటు స్తంభం మీద పెట్టడానికి లేదు. ఎదురుగా వీధి స్తంభం, దాని ఎల్‌ఈడీ వెలుగు నేరుగా పడుతుంది. వీధి లైటు వెలగ్గానే సెన్సర్ తెల్లారిందనుకుంటుంది. పోర్టికో లోపల పెడితే సొంత లైటే కొంప ముంచుతుంది. లైటు వెలుగుతుంది, సెన్సర్ దాన్ని చూస్తుంది, ఆర్పుతుంది, చీకటి చూస్తుంది, మళ్లీ వేస్తుంది. రాత్రంతా టకటక. 9 వాట్ల బల్బు మీటరు దూరంలో వంద లక్స్ పైన ఇస్తుంది, మూడు మీటర్లకి పది పదిహేను లక్స్‌కి పడిపోతుంది. తూర్పు, పడమర గోడల మీద నేరుగా ఎండ పడుతుంది. వేడికీ అల్ట్రావయొలెట్‌కీ ఎల్‌డీఆర్ మీది పూత పసుపెక్కి పగుళ్లిస్తుంది, తేమ లోపలికి దూరుతుంది.

మిగిలింది ఉత్తరం గోడ. అక్కడ మొదటి అంతస్తు సన్‌షేడ్ కింద, ఆకాశం వైపు చూసేలా ఏటవాలుగా బిగించారు. ఎల్‌డీఆర్‌ని చిన్న హోమియో మందు గాజు సీసాలో మూతి కిందికి ఉండేలా పెట్టి, మూతి దగ్గర సిలికాన్‌తో మూశారు. వెనిగర్ వాసన వేసే సిలికాన్ వాడకండి. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగి కాళ్లని పచ్చగా తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న ట్యూబు అడిగి తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ గొట్టం కంటే గాజే నయం, ఏళ్లు గడిచినా మసకబారదు.

చోటు ఖాయం చేసే ముందు ఒక పరీక్ష ఉంది. పూర్తిగా చీకటిపడ్డాక లైట్లన్నీ ఆర్పి రీడింగ్ చూడాలి, తర్వాత అన్నీ వేసి చూడాలి. ఈ ఇంట్లో ఆర్పితే 140, వేస్తే 260. లైట్లు ఆర్పాల్సిన హద్దు 650 పెట్టుకుంటే 260కీ దానికీ బోలెడంత ఎడం ఉంది. ఎడం కనీసం 150 లేకపోతే ఆ చోటు వదిలేయండి. హద్దుని పైకి జరిపి సర్దుదామనుకుంటే ముసురు రోజు లైట్లు మధ్యాహ్నం దాకా ఆరవు.

లాన్ కేబుల్‌లో మెలికపెట్టిన ఒక జతనే వాడారు. దాన్ని 230 వోల్టుల పైపులో కలిపి లాగకూడదు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి. పక్కపక్కన పరిగెత్తిస్తే 50 హెర్ట్జ్ గుయ్యిమనే రొద రీడింగ్‌లోకి దిగుతుంది. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ నానో దగ్గరే, ఏ0కీ గ్రౌండ్‌కీ మధ్య.

ప్రోగ్రాం చేసే పని

సెకనుకోసారి ఒక రీడింగ్. ఆ ఒక్కటీ 5 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున తీసిన 20 కొలతల సగటు. మొత్తం 100 మిల్లీసెకన్లు. ఈ అంకె ఊరికే పెట్టింది కాదు. 50 హెర్ట్జ్ కరెంటు మీద బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, అంటే ఒక మినుకు 10 మిల్లీసెకన్లు. సగటు దానికి పూర్తి గుణకంగా ఉంటే మినుకు, రొద రెండూ కొట్టుకుపోతాయి.

హద్దులు రెండు. 450 కంటే కిందికి వెళ్లి 120 సెకన్లు అక్కడే ఉంటే రాత్రి. 650 దాటి 300 సెకన్లు నిలిస్తే పగలు. మధ్యలో ఒక్క రీడింగ్ అటు తప్పినా లెక్క మళ్లీ సున్నా నుంచి. ఒకే హద్దు పెడితే సందెవేళ ఒక మబ్బు తునక కదిలినప్పుడల్లా రిలే కొట్టుకుంటుంది. సందులో తిరిగే కారు హెడ్‌లైటు, మెరుపు, దీపావళి చిచ్చుబుడ్డి ఇవేవీ అయిదు నిమిషాలు నిలవవు కాబట్టి రాత్రిపూట లైట్లు ఆరవు.

కరెంటు వచ్చి నానో కొత్తగా లేచినప్పుడు రెండు నిమిషాలు ఆగదు. మొదటి పది రీడింగుల సగటు 550కి కింద ఉంటే రాత్రి, పైన ఉంటే పగలు. దోమల మిషన్ మాత్రం పగలు నుంచి రాత్రికి మారిన క్షణం చూస్తేనే మొదలవుతుంది, రాత్రిపూట లేచినప్పుడు కాదు. లేకపోతే అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మూడు గంటల మందు ఆవిరవుతుంది. మరి ఏడింటికి కరెంటు పోతే ఆ రోజు దోమల మిషన్ మానేస్తుంది కదా అంటే, అందుకే అడాప్టర్‌ని ఇన్వర్టర్ లైను మీద పెట్టారు. ఇన్వర్టర్ మారే ఆ రెప్పపాటుని మంచి అడాప్టర్ తట్టుకుంటుంది.

కొత్తవాళ్లు తప్పకుండా పడే గొయ్యి ఒకటుంది. నానోలో ఇంట్ (పూర్ణాంకాన్ని దాచే రకం) 16 బిట్లే, 32767 దాటదు. రెండు నిమిషాలని మిల్లీసెకన్లలో 2 × 60 × 1000 అని రాస్తే 120000 రావాల్సిన చోట మైనస్ 11072 వస్తుంది. దాన్ని అన్‌సైన్డ్ లాంగ్‌తో (మైనస్ లేని 32 బిట్ల రకంతో) పోల్చేసరికి అదే 429 కోట్ల పైచిలుకు అంకె అయి కూర్చుంటుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఎక్కుతుంది, లైటు మాత్రం ఎప్పటికీ వెలగదు. అంకె చివర యూ, ఎల్ అక్షరాలు తగిలిస్తే పోతుంది. సెకన్లు లెక్కపెట్టే పద్ధతిలో ఈ బాధే లేదు, మూడు గంటలు 10800 మాత్రమే, ఇంట్‌లో పడుతుంది. మిల్లీస్ (నానో లేచినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క) వాడేవాళ్లు సుమారు 50 రోజులకి అది సున్నాకి తిరిగొస్తుందని గుర్తుంచుకోవాలి. ఇప్పటి విలువలోంచి పాత విలువ తీసేసి పోలిస్తే ఇబ్బంది లేదు, రెండూ కలిపి పోలిస్తే ఉంది.

రిలేలకి డీ4 నుంచి డీ7. డీ0, డీ1 జోలికి పోవద్దు, ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు అవి ఎగిరెగిరి పడతాయి. మార్కెట్లో దొరికే రిలే మాడ్యూళ్లలో చాలావాటికి పిన్ను లో (0 వోల్టులు) అయితే రిలే పట్టుకుంటుంది, అంటే ఆన్ అవుతుంది. పిన్నుని ముందు హై చేసి, ఆ తర్వాత అవుట్‌పుట్‌గా మార్చండి. వరస తిప్పితే లేచిన ప్రతిసారీ అన్ని రిలేలూ ఒక్కసారి టక్కుమని లైట్లు మెరుస్తాయి.

230 వోల్టుల వైపు

ఈ భాగం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత్తోనే జరగాలి.

గేటు, కాంపౌండ్ లైట్లు మెయిన్ లైను మీద, పోర్టికో, మెట్లు, దోమల మిషన్ ఇన్వర్టర్ లైను మీద ఉన్నాయి. అంటే ఒకే పెట్టెలోకి రెండు ఫేజులు వస్తున్నాయి. మెయిన్ ఎంసీబీ దించి, పెట్టె తెరిచి వేలు పెడితే ఇన్వర్టర్ ఫేజు కొడుతుంది. మూత మీద ఎర్ర అక్షరాలతో రెండు ఎంసీబీలూ దించమని రాసి అతికించారు. రిలేల్లో మొదటిది మెయిన్‌కి, రెండోది ఖాళీ, మూడు, నాలుగు ఇన్వర్టర్‌కి. ఆ ఖాళీ రెండు లైన్ల మధ్య ఎడం కోసమే. న్యూట్రల్స్ కూడా దేనిది దానికే. ఒకదాని ఫేజు, ఇంకోదాని న్యూట్రల్ కలిస్తే ఆర్‌సీసీబీ (లీకేజీ కనబడితే కరెంటు తెంచే స్విచ్చి) ఉన్న ఇంట్లో అది నిలవదు.

రిలే ఫేజునే తెంచాలి. పాత ఇళ్లలో ఎక్కడో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటాయి. టెస్టర్‌తో చూడకుండా న్యూట్రల్‌ని తెంచితే ఆరిన ఎల్‌ఈడీ బల్బు రాత్రి మిణుగురులా వెలుగుతూనే ఉంటుంది, బల్బు మార్చేవాడికి షాకు కూడా.

71 వాట్లకి 10 ఆంపియర్ల రిలే అంటే ఏనుగు బలం అనిపిస్తుంది. నడిచేటప్పుడు అర ఆంపియర్ కూడా ఉండదు. కానీ ఎల్‌ఈడీ బల్బు లోపలి కెపాసిటర్ ఖాళీగా ఉండి, రిలే మూసుకునే క్షణం 230 వోల్టుల శిఖరం 325 దగ్గర తగిలితే మైక్రోసెకన్ల పాటు పదుల ఆంపియర్లు లాగుతుంది. ఆరు బల్బులు ఒక్కసారి లాగితే కాంటాక్టులు అతుక్కుపోతాయి. గుర్తు ఏంటంటే, రిలే శబ్దం వస్తుంది, లైటు ఆరదు, రిలే మీద స్క్రూడ్రైవర్ పిడితో చిన్నగా తడితే ఆరుతుంది. ఆ రిలే ఇక పనికిరాదు. లైట్ల గుంపుకొక 10డి-9 ఎన్‌టీసీ వరుసలో పెడితే చల్లగా ఉన్నప్పుడు దాని 10 ఓంలు ఆ పోటుని 33 ఆంపియర్ల లోపు ఆపుతాయి. రిలేలన్నీ ఒకేసారి కాకుండా 700 మిల్లీసెకన్ల తేడాతో ఒక్కొక్కటే పట్టుకుంటాయి.

స్నబ్బర్ (కాంటాక్టుల నిప్పురవ్వని అణిచే రెసిస్టర్, కెపాసిటర్ జత) గురించి ఒక హెచ్చరిక. రిలే కాంటాక్టుల మీద 100 ఓంలు, 0.1 మైక్రోఫారడ్ పెట్టమని ఎక్కడ చూసినా చెబుతారు. ఫ్యానుకీ, మోటారుకీ అది సరే. కానీ రిలే తెరుచుకున్నా దాని గుండా 7 మిల్లీఆంపియర్లు పారుతూనే ఉంటాయి. ఎల్‌ఈడీ బల్బు మినుకుమినుకుమనడానికి అది చాలు. ఇక్కడ స్నబ్బర్ లేదు. సాలిడ్ స్టేట్ రిలేలోనూ ఇదే లీకేజీ సమస్య.

కాయిల్ ఒక్కోటి 70 మిల్లీఆంపియర్లు తాగుతుంది, నానో పిన్ను 20 దాటి ఇవ్వకూడదు. మాడ్యూల్‌లో జేడీవీసీసీ జంపర్ (కాయిళ్ల సప్లైని నానో సప్లైతో కలిపే ముక్క) తీసేసి, కాయిళ్లకి 5 వోల్టులు అడాప్టర్ నుంచి నేరుగా ఇచ్చారు. ఆ కరెంటు నానో బోర్డు గుండా పోనివ్వొద్దు.

స్విచ్‌బోర్డులో పాత స్విచ్చి తీసి 6 ఆంపియర్ల టూ వే వేశారు. మధ్య కాలు లైటుకి, ఒక చివర నేరుగా ఫేజుకి, ఇంకో చివర రిలే ఎన్ఓ కాలుకి (రిలే పట్టినప్పుడే ఫేజు వచ్చేది). పైకి నొక్కితే ఆటో, కిందికి నొక్కితే పెట్టెతో సంబంధం లేకుండా లైటు వెలుగుతుంది. నానో చచ్చిపోయినా పెద్దావిడ గేటు లైటు వేసుకోగలగాలి. ఇది లేకుండా చేసిన ఆటోమేటిక్ పని ఏదైనా సగం పనే.

తర్వాత వచ్చే ఫిర్యాదులు

పట్టపగలు లైట్లు వెలుగుతున్నాయంటే నూటికి తొంభై పాళ్లు సెన్సర్ కప్పుకుపోయింది. సీసా మీద దుమ్ము, సాలెగూడు, మట్టిగూడు కట్టే కందిరీగ. తుడిస్తే సరి. తుడిచినా పోకపోతే రీడింగ్ చూడండి. 0, 1, 2 మధ్య నిలిచి ఉంటే వైరు తెగింది. ఎల్‌డీఆర్ కటిక చీకట్లో మెగా ఓం చూపించినా రీడింగ్ 10 దగ్గర ఉంటుంది, సున్నాకి పోదు. వైరు తెగితే లైట్లు వెలిగే వైపే పోవడం కావాలనే పెట్టుకున్నది. ఎల్‌డీఆర్‌ని పైన, రెసిస్టర్‌ని కింద కలపడానికి ఇంకో కారణం ఇదే.

రాత్రి లైట్లు వెలగక, రీడింగ్ 1023 దగ్గర కూర్చుంటే సెన్సర్ వైర్లు ఒకదానికొకటి తగిలాయి, లేదా సీసాలో నీరు చేరింది. వర్షాకాలంలో సెన్సర్ దగ్గర వైరుకి కిందికి వేలాడే ఒక వంపు ఇవ్వకపోతే చినుకు వైరు పట్టుకుని నేరుగా సీసాలోకి నడిచొస్తుంది.

లైట్లు మెల్లగా నెలనెలా ముందే వెలగడం మొదలైతే సీసా మీద దుమ్ము పేరుకుంది, లేదా సన్‌షేడ్ పక్కన చెట్టు పెరిగింది. హద్దు మార్చే ముందు కొమ్మ కొట్టండి.

పెట్టెలో చీమలు, బల్లులు మన ఊళ్లలో మామూలే. రిలే కాళ్ల మధ్య బల్లి పడితే ఎంసీబీ పడుతుంది. వైర్లు దూరే కంతలన్నీ గ్లాండ్లతో (వైరు చుట్టూ బిగుసుకునే మరలతో) మూయాలి, ఎం-సీల్‌తో మూస్తే మరమ్మతుకి పగలగొట్టాల్సి వస్తుంది.

ఎల్‌డీఆర్ మార్చాల్సి వస్తే 450, 650 అంకెలు అలాగే ఉంచకూడదు. అదే నంబరు మీద కొన్న రెండు ముక్కలే ఒకదానికొకటి రెట్టింపు తేడా చూపిస్తాయి. కొత్తది బిగించిన సాయంత్రం, ఇంటివాళ్లు లైటు వేద్దాం అనుకునే సమయానికి ల్యాప్‌టాప్‌లో కనబడే అంకె రాసుకుని దాన్నే కింది హద్దు చేయాలి, పై హద్దు దానికి 200 ఎక్కువ. యూఎస్‌బీ తగిలించే ముందు రెండు ఎంసీబీలూ దించాలి. ఈ అంకెలు, రాత్రి లైట్లతో 260, లైట్లు లేకుండా 140, ఏ రిలే ఏ లైటుదో, ఇవన్నీ రాసిన కాగితం ల్యామినేట్ చేసి మూత లోపలివైపు అతికించి ఉంది.